సెకన్ల ముల్లు, వంజరం ముల్లు

అరబ్బు దేశంలో, ఖతీఫ్ చేపల మార్కెట్ వెనక వీధిలో మునిస్వామి చేతిగడియారాలు తయారుచేస్తాడు. బాగుచేయడం కాదు, తయారుచేయడం. పళ్లచక్రాలు తనే కోస్తాడు. ముళ్లు తనే మంట మీద కాచి నీలం రంగు తెప్పిస్తాడు. ఒక్కో వాచీకి ఏళ్లు పడతాయి. తీరా పూర్తయ్యాక అది గడప దాటాలంటే ఆయనకు ప్రాణం పోతుంది.

దూరాన ఉన్న అభా ఊరి నుంచి పళ్ల డాక్టరు ఉదయకిరణ్ తను చేయించుకున్న వాచీ కోసం ఇప్పటికే రెండుసార్లు వచ్చి ఉత్తచేతులతో వెళ్లాడు. ఈసారి ఇవ్వకపోతే ఇక నాకొద్దని ఫోన్లో చెప్పేశాడు. వాచీ ఇచ్చాకే నెల్లూరు ప్రయాణమని మునిస్వామి షరతు. అందుకని భార్య చెంచులక్ష్మి పెట్టె సర్దుకుని కూర్చుంది. ఇంకా టిక్కెట్టు కొననే లేదు, విమానం తప్పిపోతుందేమోనని అప్పుడే భయం.

బయట కారు హారన్ మోగింది. డాక్టరు లోపలికి వచ్చేసరికి వాచీ బల్ల మీదే ఉంది. సెకన్ల ముల్లు మాత్రం లేదు.

"ముల్లు ఏమైందయ్యా?" అంది చెంచులక్ష్మి.

మునిస్వామి పెదవులు బిగించి చేతులు తిప్పాడు.

"నోరు తెరవ్వేంది? మూగనోము పట్టావా?"

అందరూ వెతికారు. ఆమె చీపురు దులిపింది, కందిపప్పు డబ్బా కూడా చూసింది. డాక్టరు బల్ల కింద దూరితే చొక్కా గుండీ, ఎండిన అప్పడం ముక్క దొరికాయి.

"అన్నాలు తిని వెతుకుదాం రాండి. వంజరం చేప పులుసు చల్లారిపోతా ఉంది."

మునిస్వామి అడ్డంగా తల ఊపి, గొంతు పట్టుకుని, పులుసుగిన్నె చూపించాడు.

"ముల్లు గుచ్చుకుందా?"

ఔనని తల ఊపాడు.

"వంజరంలో నడిముల్లు తప్ప ఇంకేం ముల్లుంటుందయ్యా? అదీ నువ్వింకా తినందే!"

డాక్టరు బల్ల కింది నుంచి లేచాడు. "బాబాయ్, ఏదీ, ఆ అనండి."

"ఊహూ."

చెంచులక్ష్మి వెనకగా వచ్చి భర్త ముక్కు మూసింది. ఊపిరాడక ఆయన నోరు తెరిచాడు. దవడపన్ను పక్కన నీలంగా ఏదో మెరిసింది. డాక్టరు బల్ల మీది చిన్న పట్టకారుతో దాన్ని మెల్లగా బయటికి తీశాడు.

"జాగ్రత్త! తుప్పు పడతాది!"

"నోట్లో దాచేటప్పుడు తెలీలేదా బాబాయ్?"

"మింగలేదు గదా," అన్నాడు మునిస్వామి, కళ్లు తుడుచుకుంటూ.

ఇక దారి లేక ముల్లు కడిగి, ఆరబెట్టి, బిగించాడు. వాచీ నడిచింది. మునిస్వామి దాన్ని డాక్టరు మణికట్టుకు కట్టాడు గాని ఆ చెయ్యి వదల్లేదు.

"పొద్దున్నే కీ ఇయ్యి అబ్బయా. అయస్కాంతం పక్కన పెట్టబాకు. ఒక నిమిషం వెనకబడితే కసురుకోబాకు."

"ఆడపిల్లనా అప్పగించేది, ఇంత ఏడుపేంది?" అని కసిరి, చెంచులక్ష్మి తనూ ఏడ్చింది.

కారు కదిలింది. మునిస్వామి కంచం ముందు కూర్చుని రెండు ముద్దలు తిని, గొంతు పట్టుకున్నాడు.

"మే! ముల్లు! ఈసారి నిజం ముల్లే! డాక్టర్ని వెనక్కి పిలువు! వాచీతో సహా రమ్మను!"

చెంచులక్ష్మి కిటికీలోంచి తల బయటపెట్టింది. కారు ఇంకా మలుపు తిరగలేదు.

"వెనక్కి చూడబాకు నాయనా, పో!" అని కేకేసి, భర్త కంచంలో ఇంకో చేపముక్క వేసింది.