పావుగంట కునుకు

రాత్రి డ్యూటీ దిగి ఇంటికొచ్చిన బిందు యూనిఫాం కూడా మార్చుకోకుండా సింకులో గిన్నెలు తోముతోంది. ఆమె అమలాపురంలో ఒక ఆసుపత్రి కాన్పుల వార్డులో స్టాఫ్ నర్సు. గిన్నెలు అయిపోతే పడుకోవచ్చు. ఆ ఒక్క ఆలోచన పట్టుకునే ఆటోలో ఇంటిదాకా వచ్చింది. ఇంతలో భర్త దానం వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. బూట్లు వేసుకుని తయారుగా ఉన్నాడు.

"స్నానం చేసేసి రా బిందూ. మారేడుమిల్లి వెళ్దాం."

"ఎప్పుడండీ?"

"ఇప్పుడే. ప్లాన్లు వేసుకుంటే ఏ ప్రయాణమూ అవ్వదు. అనుకున్నదే తడవు వెళ్లిపోవాలి. నాకు రెండో శనివారం. నీకూ ఎల్లుండిదాకా డ్యూటీ లేదు. ఇంకేం కావాలి?"

నిద్ర కావాలి అన్న మాట నోటిదాకా వచ్చి ఆగింది. దానం చెడ్డవాడేం కాదు. జూనియర్ కాలేజీలో లెక్చరర్. తాగడు, చెయ్యెత్తడు, ఆదివారం గుడిలో ముందు నిలబడి గొంతెత్తి యేసు పాటలు పాడతాడు. "మా దానంలాంటి మొగుడు ఎంతమందికి దొరుకుతాడమ్మా" అని అత్తగారు ఎలీసమ్మ చుట్టాలతో అంటూ, అన్న ప్రతిసారీ బిందు వంక చూస్తుంది, రసీదు రాసిమ్మన్నట్టు. అలాంటి మనిషి కొండలు చూపిస్తానంటే నిద్రొస్తోందని ఎలా చెప్పడం? కిందటేడు పెళ్లిరోజున ఎక్కడికీ వద్దు, ఇంట్లోనే ఉందామన్నందుకు "నీకు సంతోషంగా ఉండటం చేతకాదు" అన్నాడు. ఆ మాట గొంతులో చేపముల్లులా ఇప్పటికీ ఉంది. మింగుడూ పడదు, బయటికీ రాదు.

అతనికి అనుకున్నదే తడవు బయల్దేరడమంటే కారు తాళం జేబులో వేసుకోవడం. ఆమె అత్తగారికి అన్నం, ఉప్పు తగ్గించిన పప్పు వండింది. రాత్రికి ఉప్మా చేసి మూత పెట్టింది. షుగరు మాత్రలు ఏ పూటవి ఆ పూటకి విడదీసింది. పక్కింటి కామేశ్వరిగారి దగ్గరికి పరిగెత్తి, ఒకసారి చూస్తూ ఉండమని బతిమాలింది. పులిహోరకి చింతపండు పిసుకుతుంటే హాల్లోంచి దానం కేకేశాడు. "ఆడాళ్లతో ప్రయాణమంటే ఇంతేనే అమ్మా. తెమలరు." ఎలీసమ్మ నవ్వింది.

రావులపాలెం వంతెన మీద గాలి మొహానికి తగిలేసరికి బిందు తల పక్కకి ఒరిగిపోయింది. దానం భుజం పట్టి కుదిపాడు.

"పక్కసీట్లో వాళ్లు పడుకుంటే నడిపేవాడికీ నిద్దరొస్తది. ఏవైనా కబుర్లు చెప్పు."

ఆమె కబుర్లు వెతుక్కుంది. రాత్రి కాట్రేనికోన నుంచి తొలికాన్పు పిల్లని తీసుకొచ్చారు. భయంతో తెల్లారేదాకా ఆ పిల్ల బిందు మణికట్టు వదల్లేదు. గోళ్ల గుర్తులు ఇంకా ఉన్నాయి. అది మొదలుపెట్టిందో లేదో, "ఆ ఆసుపత్రి గోల ఇప్పుడెందుకు, ఏదైనా సరదాగా చెప్పు" అన్నాడు. సరదా సంగతులేవీ గుర్తు రాలేదు. ఆడపడుచు దివ్య గుర్తొచ్చింది. "రాత్రి డ్యూటీ అంటే ఏవుంది వదినా, కుర్చీలో కునుకు తియ్యడమేగా." ఆ మాట అన్నది దివ్య పెళ్లిలోనే, పదిమంది ముందు. పగలు మంచమెక్కితే ఎలీసమ్మ తలుపు దగ్గరికొచ్చి, ఎవరితోనో అన్నట్టు, "పట్టపగలు పడుకునే ఇల్లు కలిసిరాదు" అంటుంది. ఆ తలుపు మీద రోజూ ఎవరో ఒకరు కొడతారు. గ్యాసు బండ వచ్చిందనో, కళ్లజోడు కనబడ్డం లేదనో. ఒక్క నిమిషం లేచి వెళ్దూ, అంటారు. ఒక్క నిమిషం లేచినవాళ్లకి మళ్లీ నిద్ర పట్టదని వాళ్లకి తెలీదు. తెలుసుకోవాల్సిన అవసరం రాలేదు.

రంపచోడవరం దాటాక కొండలు మొదలయ్యాయి. మలుపు తిరిగిన ప్రతిచోటా వెదురు పొదలు, వాటిమీద వాలిన మబ్బు. అదంతా అందంగా ఉందని ఆమెకి తెలుస్తూనే ఉంది, కానీ లోపలికి చేరడం లేదు. కళ్లలో ఇసుక పోసినట్టుంది. ఒక వాగు పక్కన దానం కారాపి, నీళ్లలోకి దిగమని ఫోను తీశాడు.

"నవ్వు. ఏంటా ఆసుపత్రి మొహం?"

నవ్వింది. సరిగా రాలేదని మళ్లీ నవ్వమన్నాడు. చన్నీళ్లలో వాచిన పాదాలు జివ్వుమన్నాయి. ఫొటోలు ఇంటి గ్రూపులో పడీ పడగానే దివ్య జవాబిచ్చింది, వదిన అదృష్టవంతురాలని. దానం అది పైకి చదివి వినిపించాడు.

రోడ్డు పక్కన కొన్న, వెదురులో కాల్చిన బొంగు చికెన్‌తో పులిహోర తిన్నాక అతను చెట్టుకింద దుప్పటి పరిపించుకుని నడుం వాల్చాడు. "పావుగంట కునుకు తీస్తాను. మళ్లీ అంత దూరం నడపాలి కదా. నువ్వు చూస్తా ఉండు, ఇక్కడ కోతులెక్కువ."

అన్నంతలోనే గురక. ఎంత తేలిగ్గా పడుకున్నాడో. అమ్మ మాత్రలు వేసుకుందా, గేటు వేసి ఉందా, ఏ దిగులూ ఆ కనురెప్పల్ని ఆపలేదు. బిందు కర్ర పట్టుకుని రాయి మీద కూర్చుంది. అతనికి మనసు లేదని కాదు. తన నిద్రకి ఎవరో ఒకరు కాపలా ఉంటారన్న నమ్మకం పుట్టుకతోనే వచ్చింది, ముందు తల్లి ఉంది, తరవాత బిందు. మరి తన నిద్రకి ఎవరున్నారు? కూతురు పసిపిల్లగా ఉన్నప్పుడు, ఆ పిల్ల హాస్టల్‌కి వెళ్లాక, జ్వరంలో, ఒక్క పూటైనా ఎవరైనా గుమ్మంలో నిలబడి, "ష్, బిందు పడుకుంది" అన్నారా? ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. పావుగంట ఎప్పుడో దాటిపోయింది. అతను కళ్లు తెరవకుండానే, "ఈగలు బిందూ" అని గొణిగాడు.

ఆమె చెయ్యి తనంతట తనే తువ్వాలు అందుకుని విసరడం మొదలుపెట్టింది. కాసేపటికి ఆ చేతిని ఎవరిదో అన్నట్టు చూసుకుంది. తువ్వాలు మడిచి అతని పక్కన పెట్టి, కారెక్కి, అద్దాలు కాస్త దించి, సీటు వెనక్కి వాల్చింది.

దానం గొంతు వినబడి మెలకువ వచ్చింది. కారుకి ఆనుకుని ఫోన్లో చెల్లెలితో మాట్లాడుతున్నాడు, నవ్వుతున్నాడు కూడా. "మీ వదినని కాపలా పెడితే తనూ పడుకుంది. కోతులు పులిహోర డబ్బా ఎత్తుకుపోయినియ్. సర్లే, రేపు ఆరాధన అయ్యాక మీ అత్తగారోళ్లని కూడా తీసుకుని భోజనానికి వచ్చెయ్యండి. వెదురు బొంగులు తెస్తన్నాను, బొంగు చికెన్ ఇంట్లోనే చేసేద్దాం. వదినకి రేపు సెలవే."

చేసేద్దాం అన్న ఆ మాటలో ఎంతమంది ఉన్నారో బిందుకి తెలుసు.

 తిరుగుదారిలో మారేడుమిల్లి ఊళ్లోకి వచ్చాక, రోడ్డు పక్కన గదులు అద్దెకిచ్చే చోటు కనబడితే కారాపమంది. బాత్రూమ్‌కేమో అనుకుని దానం ఆపాడు. ఆమె చేతిసంచి తీసుకుని దిగింది.

"ఈ రాత్రికి నేనిక్కడ ఉండిపోతానండి."

"ఇద్దరం ఉండిపోతే అమ్మనెవరు చూస్తారు?"

"ఇద్దరం కాదండి. నేను."

అతను నవ్వాడు. ఆమె నవ్వకపోయేసరికి ఆపేశాడు. "ఎందుకు?"

"నిద్రపోవడానికి."

"ఇంట్లో మంచం లేదా?"

"మంచం ఉందండి."

"రేపు దివ్యావాళ్లు వస్తన్నారు. వంట మాటేంటి?"

"పిలిచింది మీరు కదండీ."

"ఆడమనిషివి, ఒక్కదానివీ లాడ్జిలో ఉంటే గుడిలో అడిగినోళ్లకి నేనేం చెప్పాలి?"

"రాత్రి డ్యూటీకి ఒక్కదాన్నే వెళ్తే ఏం చెబుతున్నారో అదే చెప్పండి."

దానం మొహం ఎర్రబడింది. స్టీరింగు మీద చేత్తో కొట్టాడు. "అయితే నేను వెళ్లిపోతాను."

"ఆయ్. జాగ్రత్తగా వెళ్లండి. మీ బీపీ మాత్ర కారు ముందు అరలో ఉంది."

ఆమె వెనక్కి తిరిగి నడిచింది. లోపల బల్ల దగ్గర ఒకమ్మాయి కూర్చుని ఉంది. "గది ఒక్కరికేనాండీ?" అని అడిగింది. బిందు తల ఊపింది. బయట హారన్ మోగింది. మళ్లీ మోగింది.

"సారు పిలుస్తన్నారేమోనండీ."

"పిలుస్తారండి" అంటూ బిందు పేరు రాసి సంతకం పెట్టింది.

ఆ అమ్మాయి తాళం తీసి గది చూపించింది. చిన్న గది, ఉతికిన దుప్పటి, కిటికీలో కొండ. హారన్ ఇంకోసారి, ఈసారి ఆగకుండా చాలాసేపు మోగింది. బిందు చెయ్యి గుమ్మాన్ని పట్టుకుంది. ఇప్పుడు పరిగెత్తుకెళ్తే ఏమీ జరగనట్టే ఉంటుంది, అతనే ఇదంతా నవ్వులాటగా చెప్పుకుంటాడు. ఆమె కదల్లేదు. కాసేపటికి హారన్ ఆగింది, కారు కొండ దిగువకి వెళ్తున్న చప్పుడు మలుపు దాటి సన్నగిల్లిపోయింది.

"పొద్దున్న టీకి ఎన్నింటికి లేపమంటారండీ?" అని అమ్మాయి అడిగింది.

"ఎవరూ లేపకండి" అంది బిందు. "నేనే లేస్తాను."