తూర్పు గోడ

అమరేశ్వరరావు ఇంట్లో చలికాలం దీపావళి మర్నాడు మొదలవుతుంది. బయట చలి ఉందా లేదా అన్నదానితో ఆయనకు పనిలేదు. ఆ రోజు నిచ్చెన తీస్తాడు. కిటికీలన్నిటికీ పల్చటి ప్లాస్టిక్ షీటు అంటించి, హెయిర్ డ్రయర్‌తో వేడి చూపించి డప్పులా బిగిస్తాడు. తలుపుల కింద సందుల్లో పాత తువ్వాళ్ళు చుట్టి పెడతాడు. ఎండ పడే వైపు కర్టెన్లు పొద్దున్నే తీయాలి, పొద్దు వాలకముందే వేయాలి. మరిచిపోయిన వాళ్ళకు ఆ పూట క్లాసు తప్పదు. కెనడాలోని మార్కమ్‌లో ఇల్లు కొన్న కొత్తలో మొదటి గ్యాస్ బిల్లు చూసి ఆయన అన్నం మానేశాడని భార్య దమయంతి ఇప్పటికీ నలుగురిలో చెప్పి నవ్వుతుంది. ఆయన పట్టించుకోడు. పొదుపు చేతకానివాళ్ళే పొదుపును చూసి నవ్వుతారని ఆయన సిద్ధాంతం.

ఈ ఏడు ఆ సిద్ధాంతానికి పట్టాభిషేకం జరిగింది. నవంబరు బిల్లు ఎన్నడూ లేనంతగా పడిపోయింది. ఆ సంగతి ముందు ఆఫీసుకు, తరువాత తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుకు తెలిసింది. భరద్వాజ్ అనే స్నేహితుడు బతిమాలితే, ఆదివారం తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌లో పులిహోర చల్లారిపోతున్నా లెక్కచేయకుండా ఆయన అరగంట ఉపన్యాసం ఇచ్చాడు.

"చలి అనేది మన ఫీలింగ్ అండీ. గోడ మీద థర్మోస్టాట్ చూపించే డిగ్రీలే నిజం. నేను ఇరవైకి సెట్ చేస్తే మా ఇంట్లో ఇరవై రెండు ఉంటోంది. దాన్నే ఇన్సులేషన్ అంటారు" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు.

పెట్టినదానికంటే ఎక్కువ ఇచ్చే యంత్రాన్ని ఎవరు అనుమానిస్తారు? అందులోనూ అమరేశ్వరరావు ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఊళ్ళోవాళ్ళ ప్రోగ్రాముల్లో తప్పులు పట్టి జీతం తీసుకునే మనిషి. తన ఇంట్లో తప్పు ఉంటుందని ఆయనకు తోచలేదు.

ఆ ఇంటి బేస్‌మెంట్‌లో మృదుల అనే అమ్మాయి అద్దెకుంటోంది. జగిత్యాల పిల్ల. కాలేజీలో చదువుకుంటూ వారానికి కొన్ని గంటలు కాఫీ షాపులో పనిచేస్తుంది. కరెంటు, గ్యాసు అద్దెలోనే కలిపి ఉండటమూ, కాలేజీకి ఒకటే బస్సు కావడమూ చూసి ఆ గది తీసుకుంది. పక్క తలుపులోంచి వచ్చి పక్క తలుపులోంచే పోతుంది. పైన హాలు ఎలా ఉంటుందో కూడా ఆమెకు తెలియదు.

నవంబరు మొదట్లోనే ఆమె ఫోన్ చేసింది. "అంకుల్, కింద బాగా చలి పెడుతుంది. కొంచెం హీట్ పెంచుతరా?"

అమరేశ్వరరావు పైన హాల్లో, ఇల్లంతటి హీటింగ్‌నీ నడిపే థర్మోస్టాట్ ముందు నిలబడి ఫొటో తీసి పంపాడు. ఇరవై రెండు. కింద ఒక నవ్వు బొమ్మ కూడా పెట్టాడు. ఆమె మళ్ళీ రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ ఫొటోనే వెళ్ళింది, నవ్వు బొమ్మ లేకుండా.

తరువాత ఒకరోజు ఆయన ఇంటి నుంచి పనిచేస్తుండగా మీటింగ్ మధ్యలో కరెంటు పోయింది. ఇంటర్నెట్ కూడా ఆగింది. ఫ్యూజు ఎందుకు కొట్టేసిందా అని కిందికి దిగి చూస్తే మృదుల మంచం పక్కన కొత్త కరెంటు హీటర్. ఆమె జాకెట్ వేసుకుని, నెత్తికి టోపీ పెట్టుకుని, దుప్పట్లో కూర్చుని చదువుకుంటోంది.

ఆ టోపీ చూసైనా ఆయనకు అనుమానం రావలసింది. రాలేదు. కోపం వచ్చింది.

"ఇంట్లో ఇరవై రెండు డిగ్రీలుంటే టోపీ పెట్టుకుని కూర్చున్నావేంటమ్మా? డ్రామానా? మీటరు అబద్ధం చెప్తోందా, నువ్వు చెప్తున్నావా?"

"నిజంగనే చలి పెడుతుంది అంకుల్. మీరు ఒక పది నిమిషాలు ఇక్కడ కూర్చోండి."

"నేను కూర్చోవడానికి రాలేదు. కరెంటు ఊరికే వస్తోందని ఇష్టం వచ్చినట్టు వాడితే ఎలా? ఇల్లు కాలిపోతే ఎవరిది బాధ్యత? నెలాఖరుకి వేరే రూమ్ చూసుకో."

ఆమె హీటర్ ప్లగ్ తీసి ఆయన చేతికిచ్చింది. పరీక్షలు దగ్గరికొచ్చాయనీ, ఈ చలిలో గది దొరకడం కష్టమనీ ఆమెకూ తెలుసు, ఆయనకూ తెలుసు. ఆయన హీటర్ తీసుకుని పైకి వచ్చాడు.

ఇక ఆ ఇంట్లో నాలుగో మనిషి, దమయంతి తల్లి కమలకుమారి. తెనాలి నుంచి అక్టోబరులో వచ్చింది, ఆరు నెలలు ఉండటానికి. కార్తీకమాసమంతా రెండు పూటలా దీపం పెట్టే అలవాటు ఆవిడది. వంటింటి అల్మారాలో దేవుడి దగ్గర వెలిగిస్తే పొగకు అలారం మోగి ఇల్లంతా అదిరిపోయింది. అల్లుడు వెంటనే రంగంలోకి దిగాడు. ఫోన్‌లో దిక్సూచి పెట్టి, హాలంతా తిరిగి, సరిగ్గా తూర్పు గోడ కనిపెట్టి, అత్తగారు తూర్పు ముఖంగా కూర్చుని పూజ చేసుకునేలా ఒక చెక్క బిగించాడు. దానికి జానెడు పైన థర్మోస్టాట్ ఉంది. ఉంటే ఉంది, దేవుడికేం అడ్డం అనుకున్నాడు.

కార్తీకం వెళ్ళిపోయినా ఆవిడ దీపం మానలేదు. అల్లుడు మురిసిపోయాడు. తమ ఇంటికి ఈ ఏడు కలిసొచ్చిందంటే అత్తయ్యగారి భక్తి కూడా ఉందని పాట్‌లక్‌లో అన్నాడు కూడా. అందులో నిజం ఎంత ఉందో ఆయనకు అప్పటికి తెలియదు.

డిసెంబరులో తెనాలి నుంచి ఫోన్ వచ్చింది. పాలివాళ్ళలో ఒక పెద్దాయన పోయాడు. కమలకుమారికి మైల. పది రోజులు దీపం ముట్టుకోకూడదు. కూతురిది వేరే ఇంటిపేరు కనుక దమయంతికి పట్టింపు లేదు. ఆమె ఆఫీసు హడావిడిలో వంటింటి అల్మారాలో చిన్న దీపం పెట్టి, దణ్ణం పెట్టుకుని వెళ్ళిపోతోంది. హాల్లో చెక్క ఖాళీగా ఉంది.

ఫోన్ వచ్చిన మర్నాడు అమరేశ్వరరావు ఇంటి నుంచి పనిచేస్తున్నాడు. కింద ఇంటికి వేడిగాలి పంపే ఫర్నేస్ ఆగకుండా తిరుగుతోంది. గోడ అడుగున జల్లెడల్లోంచి వేడిగాలి ఉఫ్ ఉఫ్‌మని వస్తోంది. ఆ పిల్ల పక్క తలుపు తీసిపెట్టి పోయిందని తీర్మానించి, నెలాఖరు దాకా కూడా ఆగనక్కర్లేదనుకుంటూ బయటికి వెళ్ళి చూశాడు. తలుపు వేసే ఉంది. లోపలికి వచ్చేసరికి ఒళ్ళు చెమట పట్టింది. స్వెట్టర్ విప్పాడు. ఆ చలికాలంలో ఇంట్లో స్వెట్టర్ విప్పడం అదే మొదటిసారి.

థర్మోస్టాట్ చూశాడు. ఇరవై. పెట్టింది ఇరవై, ఉన్నది ఇరవై. మరి ఇరవై రెండులో లేని వెచ్చదనం ఇరవైలో ఎలా వచ్చింది? అప్పుడు కనిపించింది గోడ మీద మసి. చెక్క దగ్గర మొదలై సన్నగా పైకి పాకి, థర్మోస్టాట్ అడుగుకు అంటుకుని ఉంది.

ఆయన వంటింట్లోంచి కొవ్వొత్తి తెచ్చి, వెలిగించి చెక్క మీద పెట్టాడు. కాసేపట్లో అంకె ఇరవై ఒకటి అయింది. తరువాత ఇరవై రెండు. కింద ఫర్నేస్ ఆగిపోయింది. ఇల్లు నిశ్శబ్దమైంది. అమరేశ్వరరావుకు ముఖమంతా వేడెక్కింది. చప్పట్లు గుర్తొచ్చాయి. నవ్వు బొమ్మ గుర్తొచ్చింది. టోపీ పెట్టుకున్న పిల్లను డ్రామా అన్నది తన నోరేనా అనిపించి సిగ్గుతో చచ్చిపోయాడు.

"ఏం చేస్తున్నారు బాబూ?" వెనక నుంచి అత్తగారు అడిగింది.

అబద్ధం తట్టలేదు. చెప్పాడు. దీపం వేడికి థర్మోస్టాట్ ఇల్లంతా వెచ్చగా ఉందనుకుంటుందని, అందుకే ఫర్నేస్ వెలగలేదని. ఆవిడ మెట్ల మీద కూలబడింది.

"అయ్యో. నేనింకా ఒత్తులు లావు చేశాను బాబూ."

"ఎందుకు?"

ఆవిడ తలెత్తలేదు. "చలేస్తుంటే దీపం మీద చేతులు కాచుకునేదాన్ని. మీరిద్దరూ ఆఫీసుకెళ్ళాక రోజంతా వెలిగించే ఉంచాను. చలి పెరిగేకొద్దీ నూనె పోస్తూ వచ్చాను. దేవుడి దీపంతో చలి కాచుకున్నానని తెలిస్తే ఏమనుకుంటారోనని చెప్పలేదు."

"చలేస్తోందని నాతో ఒక్కమాట అంటే సరిపోయేది కదా అత్తయ్యగారూ."

"అల్లుడి ఇంట్లో కూర్చుని చలని ఎలా అంటాను? ఆ కిటికీలకి మీరు పడే తాపత్రయం చూస్తూ."

చీర కింద రెండు స్వెట్టర్లు వేసుకుందని ఆయనకు ఇప్పుడు కనబడింది. ఇన్నాళ్ళూ అత్తగారు కెనడా నీళ్ళకు ఒళ్ళు చేసిందనుకున్నాడు.

"మరి కింద ఆ పిల్లో?" అంది ఆవిడ ఉన్నట్టుండి. "పైన మనకే ఇలా ఉంటే ఆ నేలమాళిగలో ఏమైపోయి ఉంటుంది? వెళ్ళి చెప్పండి బాబూ. తప్పు మనదని చెప్పి ఉండిపొమ్మనండి."

సాయంత్రం ఆయన కిందికి వెళ్ళాడు. ఏం చెప్పాలో మెట్ల మీదే కూడబలుక్కున్నాడు. మృదుల తలుపు తీసి, ఆయన నోరు విప్పేలోపే తనే మొదలుపెట్టింది.

"సారీ అంకుల్. హీటర్ సంగతి మీకు చెప్పి తెచ్చుకోవాల్సింది. నాదే తప్పు. ఎటోబికోలో మా ఫ్రెండ్ చాందిని వాళ్ళ దగ్గర షేరింగ్ దొరికింది. శనివారం పోతున్న."

"ఎటోబికోనా? కాలేజీ దూరం కదా."

"మూడు బస్సులు మారాలె. ఏం చేస్తాం అంకుల్."

అప్పుడు చెప్పవలసిన మాట నాలుక మీదే ఉంది. కానీ ఆ పిల్ల చేతులు కట్టుకుని, తనే తప్పు చేసినదానిలా నిలబడి ఉంది. క్షమించవలసిన స్థానంలో ఎవరో తనను కూర్చోబెట్టాక, దిగి రావడానికి అమరేశ్వరరావుకు ధైర్యం చాలలేదు. "సరేలేమ్మా, జరిగిందేదో జరిగింది" అన్నాడు. పెద్దమనిషిలా అన్నాడు. అన్న మరుక్షణం తన మీద తనకే రోత పుట్టింది. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

పైకి వచ్చాక అత్తగారు అడిగింది. "చెప్పారా?"

"చెప్పానండీ. వేరేచోట అప్పటికే మాట్లాడుకుందట."

మర్నాడు ఆ చెక్క ఊడదీసి ఎదురుగోడకు బిగించాడు. ఇది సరిగ్గా తూర్పు కాదని తేలిందని దమయంతికి చెప్పాడు. వాట్సాప్ గ్రూపులో ఎవరో తన చిట్కాలకు థాంక్స్ చెబుతూ దణ్ణం బొమ్మలు పెట్టారు. ఫోన్ బోర్లా పెట్టేశాడు.

శనివారం మధ్యాహ్నం చాందిని కారు వచ్చింది. సన్నగా మంచు పడుతోంది. మృదుల సూట్‌కేసు మోస్తుంటే అమరేశ్వరరావు అడగకుండానే పుస్తకాల పెట్టె ఎత్తుకున్నాడు. ఇద్దరూ కారు దాకా వెళ్ళేసరికి కమలకుమారి దమయంతి బూట్లు తొడుక్కుని, చేతిలో స్టీలు డబ్బాతో జాగ్రత్తగా అడుగులేసుకుంటూ వచ్చింది.

"సున్నుండలమ్మా. దారిలో తిను" అని డబ్బా ఇచ్చింది ఆవిడ. "మా మీద మనసులో ఏం పెట్టుకోకు. ఆ దీపం ఇంత పని చేస్తుందని మాకేం తెలుసు? బాబు చెప్పారుగా నీకు."

"ఏ దీపం అమ్మమ్మా?"

కమలకుమారి అల్లుడి వైపు చూసింది. ఆయన మంచు వైపు చూస్తున్నాడు. ఆవిడకు అర్థమైంది. ఆవిడే చెప్పింది, చెక్క సంగతి, ఒత్తుల సంగతి, చేతులు కాచుకున్న సంగతి, ఏదీ దాచకుండా. అల్లుడి ముందు ఇన్నాళ్ళూ చెప్పడానికి జంకిన మాట కూడా ఆ రోడ్డు మీద ఆ పిల్లతో చెప్పింది. అమరేశ్వరరావు రెండు చేతులా పెట్టె పట్టుకుని విన్నాడు. నేల చీలితే బాగుండుననిపించింది, కానీ అది గడ్డకట్టి రాయిలా ఉంది.

"మృదులా, నువ్వు ఉండిపోమ్మా" అన్నాడు చివరికి. "ఎన్నాళ్ళైనా ఉండు."

"అక్కడ అడ్వాన్స్ కట్టేసిన అంకుల్." కోపంగా అనలేదు. అసలు ఏ రంగూ లేకుండా అంది.

కమలకుమారి ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది. కళ్ళు తడిసి ఉన్నాయి. "అంతా నా మొహమాటం వల్లే వచ్చిందమ్మా. నేను నోరు తెరిచి చలేస్తోందని ఒక్కసారి చెప్పి ఉంటే నీకీ తిప్పలు ఉండేవి కాదు."

"నేను చెప్పిన కదా అమ్మమ్మా" అంది మృదుల.

ఆయన వైపు చూడకుండానే వచ్చి, ఆయన చేతుల్లోని పెట్టె తీసుకుని కార్లో పెట్టుకుంది.