ఏ పక్షం, వెర్నా?

క్లీవ్‌లాండ్‌లో ఒక దినపత్రిక. అందులో వెర్నా హూడాక్ పని ఫోన్లో ఉద్యోగ ప్రకటనలు రాసుకోవడం. చీటీ టైపు చేసి, "మగవాళ్ళు కావలెను" అనో "ఆడవాళ్ళు కావలెను" అనో ముద్ర కొట్టి అచ్చుగదికి పంపాలి. మేనేజర్లూ, క్రేను నడిపేవాళ్ళూ మొదటి శీర్షిక కిందికి, టైపిస్టులూ, హోటళ్ళలో వడ్డించేవాళ్ళూ రెండోదాని కిందికి వెళ్ళేవారు. ఏళ్ళ తరబడి కొట్టిన ఆ ముద్రే, 1970 చలికాలం వచ్చేసరికి ఆమెకి ఒళ్ళుమంటగా తయారైంది.

అందుకే రెండు చోట్లకి వెళ్ళడం మొదలుపెట్టింది. చర్చి హాల్లో మిసెస్ ఆల్డ్రిచ్ నడిపే ఆడవాళ్ళ హక్కుల సంఘం ఉండేది. అక్కడ కాఫీ, కేకు, నగర సభకి అర్జీలు. రెండోది, లాండ్రీ మేడ మీద రోవీనా గది. అక్కడ నేలమీద కూచుని ఆడవాళ్ళు తమ వంటింట్లో, పడగ్గదిలో ఏం జరుగుతోందో చెప్పుకునేవారు. ఒకచోటి సంగతి ఇంకోచోట ఎత్తేది కాదు వెర్నా.

ఒక శుక్రవారం, ఆ రెండు శీర్షికలూ తీసేయమంటూ రోవీనా బృందం పత్రిక ప్రకటనల విభాగంలోకి చొరబడి బైఠాయించాలనుకుంది. పక్కతలుపు గడియ తీసే పని వెర్నాది. తీరా వాళ్ళు వచ్చేసరికి తలుపుకి తాళం, దాని ముందు పోలీసులు.

సాయంత్రం మేడమీద అందరూ తనవైపే చూడ్డం వెర్నా గమనించింది.

"నిన్ను చర్చి మెట్లమీద చూశారట," అంది రోవీనా. "ఆ అర్జీల వాళ్ళతో నీకేం పని?"

"కాఫీ బాగుంటుంది."

ఎవరూ నవ్వలేదు.

"వాళ్ళు లిబరల్స్, వెర్నా. మగాళ్ళు కట్టుకున్న ఇంట్లో తమకీ ఓ గది ఇప్పించమంటారు. మనం రాడికల్స్‌మి, పునాదే తవ్వాలంటున్నాం. నీకు గది కావాలా, గునపం పడతావా?"

"ఉండటానికి గదే లేనిదాన్ని, గునపం ఎక్కడ దాచుకోను?"

"మాట దాటేస్తోంది చూడండి. తలుపు సంగతి మనకి తప్ప ఇంకెవరికి తెలుసు?"

వెర్నా లేచి కోటు వేసుకుంది. మెట్లు దిగుతూ ఒక్కొక్కరి ముఖాన్నీ గుర్తు తెచ్చుకుంది. దొంగే ముందు "దొంగ, దొంగ" అని అరుస్తుందా? రోవీనాకి అంత తొందరెందుకు?

చర్చి హాల్లోనూ అదే తంతు. మిసెస్ ఆల్డ్రిచ్ ఆమెని పక్కకి పిలిచింది.

"మీరు ఆ లాండ్రీ మేడ మీదికి వెళ్తున్నారటగా. పెళ్ళే దండగనేవాళ్ళతో మీకెందుకండీ? మేయరు ఇప్పుడిప్పుడే మన మాట వింటున్నారు. నేను లిబరల్‌ని అని నలుగురిలో ఒక్కమాట చెప్పేయండి, చాలు."

ఆవిడ భర్తా పత్రిక యజమానీ కలిసి గోల్ఫ్ ఆడతారు. బైఠాయింపు సంగతి పత్రిక వాళ్ళకి ముందే చేరేసింది ఈవిడేనేమో! వెర్నా కేకు ముట్టకుండా వచ్చేసింది.

ఎవరినీ నమ్మలేనప్పుడు, చేసేది ఒంటరిగానే చెయ్యాలనుకుంది. శనివారం రోజు, ఆదివారపు సంచికకి వచ్చిన చీటీలన్నిటి మీదా ముద్రలు తారుమారు చేసింది. ఉక్కు ఫ్యాక్టరీ క్రేను ఉద్యోగం ఆడవాళ్ళ కిందికి వెళ్ళింది. "చక్కటి గొంతు, చలాకీ నవ్వు గల సెక్రటరీ" మగవాళ్ళ కింద అచ్చయింది. సోమవారం ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. క్రేను నడుపుతామని ఆడవాళ్ళు ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడ్డారట.

మేనేజర్ లండీ ఆమెని లోపలికి పిలిచాడు.

"ఇక రానక్కర్లేదు. మీ వాళ్ళ తెలివి తెల్లారినట్టే ఉందమ్మా. బైఠాయింపుకి ఫొటోగ్రాఫర్‌ని పంపమని మా న్యూస్ డెస్క్‌కే ముందురోజు ఫోన్ చేశారు. రోవీనా అట, పేరు కూడా చెప్పింది."

ఈ మాట నిజమో, తమని విడదీయడానికి వేసిన ఎత్తో! వెర్నా తిన్నగా మేడమీదికి వెళ్ళి అందరి ముందూ అడిగింది. రోవీనా ముఖం కందిపోయింది.

"పేపర్లో పడకపోతే చేసి ఏం లాభం? న్యూస్ డెస్క్ వేరు, మేనేజర్ వేరు అనుకున్నాను."

నాలుగు రోజులకి ఒక రాత్రి, చెప్పాపెట్టకుండా, క్యాబేజీ నూడుల్స్ గిన్నె పట్టుకుని రోవీనా వెర్నా ఇంటికి వచ్చింది. క్షమించమనడానికి బదులు గిన్నె వెర్నా చేతిలో పెట్టింది.

"పత్రిక మీద కేసు వేస్తున్నావట. మిసెస్ ఆల్డ్రిచ్ వాళ్ళ వకీలేనా?"

"ఆయనే. మీ మేడమీద వకీళ్ళు లేరుగా."

"అయితే అటే వెళ్ళిపోతావా?"

"నా మొగుడు నన్ను కొట్టేవాడని ఆ హాల్లో చెబితే, పాపం అని కేకు ముక్క చేతిలో పెట్టారు. మీ దగ్గర చెబితే నలుగురు మాకూ అంతే అన్నారు. చట్టం మారినా మన వంటిల్లు మారదని అక్కడే తెలిసింది. కాబట్టి రాడికల్‌నే. నువ్వు నిలదీశావని కాదు. కోర్టుకి మాత్రం వెళ్తాను."

కేసు సాగి సాగి, ఒక వేసవిలో పేపర్లోంచి ఆ రెండు శీర్షికలూ పోయాయి. పాత ఉద్యోగం మాత్రం వెర్నాకి తిరిగి రాలేదు. ఒక కంటి డాక్టరు దగ్గర గుమాస్తాగా చేరింది. రెండుచోట్లకీ వెళ్తూనే ఉంది. హాల్లో ఆమె రాగానే మిసెస్ ఆల్డ్రిచ్ మాట మార్చేది. మేడమీద ఏదైనా పథకం వేసేటప్పుడు రోవీనా ఓసారి ఆమెవైపు చూసి గొంతు తగ్గించేది. వెర్నా కూడా ఎక్కడికెళ్ళినా కోటు విప్పకుండా, తలుపు పక్కనే కూచునేది.