నాలుగో నియమం

"కాలరు మీద ఇస్త్రీపెట్టె ఇంకాస్త నొక్కు, నోల్వెన్. ఇవాళ అందరి కళ్ళూ నా మీదే ఉంటాయి," అన్నాడు తాంగీ, కాఫీ తాగుతూ.

ఆ రోజు మా ఇంజనీరింగ్ కాలేజీకి తనిఖీ బృందం వస్తోంది. నా భర్త అక్కడ ప్రొఫెసరు, నీతి సంఘానికి అధ్యక్షుడు. నేను అదే కాలేజీలో పేద విద్యార్థుల సహాయ విభాగంలో గుమాస్తాని. వాళ్ళకు చూపించబోయే నీతి నియమావళి మొత్తం నేనే రాశాను. ఆరు ఆదివారాలు, వంటింటి బల్ల మీద, పక్కన సూప్ ఉడుకుతుండగా. నీకు మాటలు బాగా కుదురుతాయి, నేనోసారి చూసిస్తాను అన్నాడు తాంగీ. చూశాడు, అట్ట మీద తన పేరు వేసుకున్నాడు. అది చూసి మురిసిపోయిన మా అత్తగారు, ఇల్లు నెమ్మదిగా ఉంటేనే మగవాడి బుర్ర పనిచేస్తుందంటూ నన్నూ మెచ్చుకుంది.

చొక్కా మడతలు పోతున్నాయి గానీ నా మనసంతా ఐసాతా దగ్గరే ఉంది. రెండో సంవత్సరం పిల్ల. వాళ్ళమ్మ ఆసుపత్రిలో వార్డులు తుడుస్తుంది. నవంబరులో తన కంప్యూటరు చెడిపోతే నా దగ్గరికి వచ్చింది. అవసరమైన వాళ్ళందరికీ కంప్యూటర్లు అరువిస్తామని మా కరపత్రంలో రంగుల బొమ్మతో సహా ఉంటుంది. ఉన్నవి ఆరు. ఆరూ బయటే ఉన్నాయి. "ఎవరైనా స్నేహితురాలి దగ్గర సర్దుకో అమ్మా," అన్నాను. ఆ మాట ఆ వారంలో ఎంతమందికి చెప్పానో.

ఐసాతా సర్దుకుంది. ఒరియాన్ అనే సహవిద్యార్థిని కంప్యూటరు ముందు కూర్చుని ప్రయోగశాల నివేదిక రాసుకుంది. ఒరియాన్ అదే నివేదికను తన పేరుతో ఇచ్చేసింది. రెండూ ఒక్కటేనని బయటపడి విచారణ పెట్టారు.

విచారణ గదిలో నీతి సంఘం సభ్యులు ముగ్గురు మగవాళ్ళు. కాఫీ పోయడానికి, జరిగింది రాసుకోవడానికి నేను. "నివేదిక నాదే, వేరే దారి లేక ఆ కంప్యూటరులో రాశాను, ఎందుకో మేడంగారికి తెలుసు," అని ఐసాతా నా వైపు చూసింది. తాంగీ నాలుగో నియమం చదివాడు: "తన పనిని ఇతరులకు అందనిచ్చినవారూ, దాన్ని తీసుకున్నవారూ సమానంగా దోషులు." నా వాక్యం. ఎంత చక్కగా కుదిరిందోనని ఆ ఆదివారం మురిసిపోయాను కూడా.

"ఆ అమ్మాయి కంప్యూటరు కోసం..." అని మొదలుపెట్టాను.

"నువ్వు రాసుకో, చాలు," అన్నాడు తాంగీ తలెత్తకుండా.

నా చెయ్యి దానంతటదే కాగితం మీదకి వెళ్ళిందని చెప్పుకోవాలని ఉంది. కాదు. నేనే పంపాను. ఇద్దరికీ ఏడాది బహిష్కరణ, సమానంగా. ఒరియాన్‌ని వాళ్ళ నాన్న లియోన్ నగరంలో మరో కాలేజీలో చేర్పించాడు. ఐసాతాకి ఉపకార వేతనం ఆగింది, హాస్టలు గదీ పోయింది.

తనిఖీ రోజున బృందం మా నియమావళిని మెచ్చుకుంది. నాలుగోది ఎంతో స్పష్టంగా ఉందని భోజనాల దగ్గర ప్రత్యేకంగా అన్నారు. "చాలా ఆలోచించి రాశాను," అన్నాడు నా భర్త. నేను ఆయన గ్లాసులో నీళ్ళు పోశాను. పోసి, కోటు వేసుకుని, ఎవరికీ చెప్పకుండా ట్రామ్ ఎక్కాను.

ఐసాతా ఇప్పుడు వాళ్ళమ్మ పనిచేసే ఆసుపత్రిలోనే దుప్పట్లు ఉతికే పనిలో ఉంది. వెనక గుమ్మం దగ్గరికి వచ్చింది, చేతులు వేడినీళ్ళకి ఎర్రబడి. జరిగిందంతా రాసి, సంతకం చేసి, తనిఖీ బృందానికి ఈ సాయంత్రమే ఇస్తానని చెప్పాను. ఇంట్లో ఏమైనా కానీ అన్నాను. చివరిదాకా వింది.

"రాయండి మేడం. నేను మాత్రం ఆ కాలేజీ గుమ్మం మళ్ళీ ఎక్కను."

లోపలినుంచి ఎవరో పిలిచారు. ఆమె వెనక్కి తిరగబోయి ఆగింది. గొంతులో కోపం లేదు, మర్యాదే ఉంది.

"నేను నిజం చెబుతున్నానని ఆ గదిలో తెలిసింది మీ ఒక్కరికే. అందుకే, ఆ ముగ్గురి మీద నాకు ఏ కోపమూ లేదు."