దానంతటదే చల్లబడే ఇల్లు

ఆగండి. మా హాల్లో అడుగుపెట్టి "అబ్బ, ఎంత చల్లగా ఉందో" అనేముందు నేను చెప్పేది కాస్త వినండి.

ఈ ఇంటి ప్లాను గీసింది నేను. మా ఆయనా నేనూ ఆర్కిటెక్చర్ కలిసే చదివాం. ఆఫీసు బోర్డు మీద ఆయన, గ్యాస్ పొయ్యి ముందు నేను. హాలుకి మూరెడు మందం మట్టిగోడలు నా ఆలోచన. మెట్లపైన, కప్పుకి ఆనుకుని, తాడు లాగితే తెరుచుకునే కిటికీ కూడా నాదే. వేడిగాలి పైకెళ్లి అందులోంచి పోతుంది, కింది కిటికీల్లోంచి చల్లగాలి లోపలికొస్తుంది. పొయ్యి పైన కూడా అలాంటిదే ఒకటి గీశాను. "ఇంటి ముఖానికి కన్నం పెట్టినట్టుంది" అని ఆయన దాన్ని ఇటుకలతో పూడ్పించేశాడు. ఆ సంగతి నాకు సామాను దించుకుంటుంటే తెలిసింది.

మందం గోడ పగలంతా వేడిని తాగి రాత్రికి కక్కుతుంది. ఆ వేడిని గాలి ఊడ్చుకుపోవాలంటే రాత్రి ఎవరో ఒకరు కిటికీలన్నీ తెరవాలి. ఎండెక్కకముందే ఎవరో ఒకరు లేచి మూసెయ్యాలి, పడమటి తెరలు దించాలి, వానొస్తే పరిగెత్తాలి. ఆ ఎవరో ఒకరు ఎవరో చెప్పక్కర్లేదనుకుంటా. "కిటికీలతో కాపురం చేస్తున్నావే తల్లీ" అని అత్తయ్య చల్లటి గచ్చు మీద కాళ్లు చాపుకుని నవ్వుతుంది. మామయ్య మధ్యాహ్నం పూట దుప్పటి కప్పుకుంటారు. నేను ఆ పూడ్చిన కన్నం కింద కూర కలుపుతూ, కళ్లలోకి దిగే చెమటని మోచేత్తో తుడుచుకుంటాను. దాన్ని తెరిపించమని ఎప్పుడడిగినా మా ఆయన "చూద్దాంలే" అంటాడు. ఇల్లు కట్టినప్పట్నుంచీ చూస్తూనే ఉన్నాడు.

నిన్న భోంచేస్తూ, ఇవాళ రాబోయే క్లయింట్లకి చెప్పాల్సిన మాటలు వల్లెవేసుకున్నాడు. "ఈ ఇల్లు దానంతటదే చల్లబడుతుందండి. ఎవరూ వేలు కూడా కదపక్కర్లేదు."

నా చేతిలో గరిటె ఆగిపోయింది. సరే, కదపను అనుకున్నాను.

రాత్రి ఒక్క కిటికీ తెరవలేదు. పొద్దున ఒక్క తెర దించలేదు. ఎన్నాళ్లకో ఒళ్లు తెలియకుండా నిద్రపోయాను.

మధ్యాహ్నం క్లయింటూ ఆయన భార్యా వచ్చేసరికి హాలు ఆవిరి పట్టినట్టుంది. మామయ్య దుప్పటి పక్కన పడేసి పేపరుతో విసురుకుంటున్నారు. మా ఆయన వంటింటి గుమ్మంలోకొచ్చాడు.

"ఏమైంది ఈ ఇంటికి ఇవాళ?"

నేను చేతులు తుడుచుకుంటూ హాల్లోకొచ్చి అందరికీ వినపడేలా చెప్పాను. "ఇంటికేం కాలేదు. నిన్న రాత్రి నేను పడుకున్నాను."

ఎవరికీ అర్థం కాలేదు. అందుకని కిటికీలూ తెరలూ తాడూ అన్నీ విడమరిచి చెప్పాను. క్లయింటు భార్య అంతా విని, మొగుడి వైపు తిరిగింది. "మరి మనింట్లో ఇదంతా ఎవరు చేస్తారండి?"

క్లయింటు విసురుకోడానికి పేపరిమ్మని మామయ్య వైపు చెయ్యి చాపాడు.

మా ఆయన నన్ను మెట్ల దగ్గరికి తీసుకెళ్లి గొంతు తగ్గించాడు. "పరువు తియ్యకు. ముందు ఆ తాడు లాగు, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం."

"ముందు నా పొయ్యి మీది ఇటుకలు తీయించు. వాళ్ల ముందే మేస్త్రీకి ఫోన్ చెయ్యి."

ఆయన నన్నే చూస్తున్నాడు. ఫోన్ జేబులోనే ఉంది. తాడు నా చేతిలో ఉంది, లాగితే వేడి కాస్తయినా పైకి పోతుంది. హాల్లోంచి అత్తయ్య పిలుస్తోంది. "లాగమ్మా, ఉడికిపోతున్నాం."

మీరైతే లాగుతారా?