ఐజెన్‌బాన్: గనిలో పుట్టిన మాట

మా ఆయన క్రోల్, గనుల ఊరు క్లౌస్టాల్‌లో బడిపంతులు. పదహారేళ్లుగా జర్మన్ మాటలు పోగుచేసి నిఘంటువు రాస్తున్నాడు. శుద్ధప్రతి రాసేది నేను. ఆ ఏడు, అంటే 1843లో, అచ్చుకు పంపడానికి ఆరు పేజీలే మిగిలాయి.

గనిలో ముప్పై ఏళ్లు బండి తోసిన బార్తెల్ ఒకరోజు ఉత్తరం చదివించుకోవడానికి వచ్చాడు. బ్రౌన్‌ష్వైగ్‌లో ఉంటున్న అల్లుడు రాశాడు: ఐజెన్‌బాన్‌లో పని దొరికిందట.

"ఐజెన్ అంటే ఇనుము, బాన్ అంటే బాట. ఇనుప బాట, అంటే రైలు దారి అన్నమాట. ఇంగ్లండ్ నుంచి ఆవిరి బండి వచ్చాక పుట్టిన కొత్త మాట, బార్తెల్!" అన్నాడు మా ఆయన.

బార్తెల్ పొట్ట పట్టుకుని నవ్వాడు. "కొత్తదా? మా తాత ఆ మాట అంటూనే ముసలాడయ్యాడు మాస్టారూ! మీరు పుస్తకంలో కనబడిన రోజే మాట పుట్టిందనుకుంటారు."

మా ఆయన మొహం ఎర్రబడింది. "ఋజువుందా?"

"నడవండి, చూపిస్తాను."

నేనూ లేచాను. "గనిలోకి ఆడవాళ్ళు రాకూడదంటారమ్మా," అన్నాడు బార్తెల్, "కానీ మూతబడ్డ గనికి పట్టింపులేముంటాయి, రండి."

సొరంగంలో వంగి యాభై అడుగులు నడిచాం. బార్తెల్ దీపం కిందికి దించాడు. బురదలో చెక్క దుంగలు, వాటి మీద మేకులతో బిగించిన ఇనుప పట్టీలు. తుప్పుపట్టినా నడుమ మాత్రం నున్నగా అరిగి ఉన్నాయి.

"ఉత్త చెక్క మీదైతే బండికి ఇద్దరు కావాలి. ఈ పట్టీలు వేశాక మా తాత ఒక్కడే తోసేవాడు, దీన్నే ఐజెన్‌బాన్ అనేవాడు. సుత్తి చదును ముఖాన్ని కూడా మేం బాన్ అనే అంటాం. కొట్టి చదును చేసిందల్లా మాకు బానే."

మా ఆయన మోకాళ్ల మీద కూలబడి ఆ ఇనుమును నిమిరాడు. "పదహారేళ్లు నేను కిందికి చూడలేదు బార్తెల్," అన్నాడు.

ఇంటికి రాగానే నిఘంటువులో ఆ మాట కింద రాసింది కొట్టేసి, గనిలో పుట్టిన మాట అని రాశాడు. ఆ పేజీ మళ్ళీ రాస్తుంటే నాకు విసుగనిపించలేదు. తప్పు ఒప్పుకున్న మనిషిని చూసి, ఒప్పించిన మనిషిని చూసి గర్వంగా అనిపించింది.

పుస్తకం అచ్చయ్యాక గోటింగెన్ ప్రొఫెసర్ ఒకాయన ఈ మాటకు ఆధారమేమిటని రాశాడు. మా ఆయన జవాబు రెండే వాక్యాలు: "బార్తెల్ హెన్నిగెస్, గని బండి తోసిన మనిషి. ఆయనే నాకు చూపించాడు."