నిండు గాదె

ఓన్సీ వెదురు బుట్టను ఒక్క కుదుపుతో ఎగరేసింది. ఆవిరి మీద ఉడుకుతున్న జిగురన్నం ముద్దగా లేచి బోర్లాపడింది. బుట్టను మళ్లీ కుండ మీద కూర్చోబెట్టి మూత వేసింది. అరవై నాలుగేళ్ల మనిషి. మోకాళ్లు మాట వినడం మానేశాయి గానీ, మణికట్టు ఇంకా చెప్పినట్టే వింటోంది. వేళ్లు వడ్ల దుమ్ముకు పగిలి గరుకుతేలాయి. పొద్దున లేచినప్పటి నుంచి గుండెల్లో పట్టేసినట్టుగా ఉంది. పనిలో పడితే అదే పోతుందనుకుంది. ఇన్నేళ్లూ అన్నీ అలాగే పోయాయి.

ఆ రోజు మూడో నెల శుక్ల తదియ. కప్పలు సైతం నోరు మెదపవంటారు. కొయ్య స్తంభాల మీద ఎత్తుగా కట్టిన గాదె తలుపు తీసేది ఆ రోజునే. కోతలయ్యి వడ్లు లోపల పోశాక, అప్పటిదాకా ఎవరూ గింజ ముట్టరు. ఉడికించిన గుడ్డు పెట్టి, తెల్లదారం కట్టి, వడ్ల ప్రాణాన్ని పిలిచి, ఇంటి మగవాడు ముందు నిచ్చెన ఎక్కుతాడు. ఆ ఊళ్లో విధవలు ఆ నిచ్చెనను తాకరు. ఎందుకు తాకరో పిల్లలకు కథగా చెప్పడం, తనూ విధవే అయిన ఓన్సీ వంతు. బువాఖామ్ ఇంట్లో దంచడం, చెరగడం, వండడంతోపాటు అదీ ఒక పని.

ఇంత చాకిరీ చేసిన మనిషికి ఉన్న కోరిక ఒక్కటే, నిండు గాదె లోపల ఎలా ఉంటుందో చూడాలని. ఎవరికీ చెప్పలేదు. చెబితే నవ్వుతారు, లేదా భయపడతారు.

బువాఖామ్ వచ్చి వంటింటి గడప దగ్గర నిలబడింది. ఇద్దరిదీ ఒకే ఈడు. ఒకరు యజమానురాలు, ఒకరు కూలి మనిషి. నిరుటిదాకా ఈ రోజున బువాఖామ్ అల్లుణ్నీ, కూతుర్నీ, చివరికి కోళ్లనీ అదిలిస్తూ తిరిగేది. నాట్లప్పుడు మొగుడు పోయాక ఆ గొంతు సగమైంది.

"అల్లుడు ఎక్కుతాడంట. నన్ను కిందే ఉండమన్నారు."

"పోన్లే, నాకు తోడు దొరికింది," అంది ఓన్సీ.

బువాఖామ్ నవ్వబోయి ఆగిపోయింది. "ఒసే, ఇవాళ ఆ కథ వద్దే. ఇంకేదన్నా చెప్పు."

"ముప్పై ఏళ్లు చెప్పాను గదే. ఒక్కసారన్నా వద్దన్నావా?"

ఆ కథ తనకూ గుచ్చుకుంటుందన్న సంగతి ఇన్నేళ్లలో బువాఖామ్‌కు తట్టనేలేదని ఓన్సీకి ఆ మొహంలోనే తెలిసిపోయింది. తిట్టినా అంత బాధ కలిగేది కాదు.

పూజ అయ్యాక పిల్లలు నిచ్చెన పక్కన చేరారు. వాళ్లకు కావలసింది ఆ కథే. పూర్వం వడ్లగింజలు గుమ్మడికాయలంత ఉండేవట. పండగానే వాటంతటవే దొర్లుకుంటూ ఇంటికొచ్చేవట. ఒక విధవ గాదె కట్టడం పూర్తి కాకముందే వచ్చాయని కర్రతో బాదిందట. అవి ముక్కలై అడవిలోకి పారిపోయాయట. అప్పటినుంచే మనుషులకు ఈ దున్నుడు, ఈ కోతలు. ఏటా ఓన్సీ కర్ర పట్టుకుని వంకరగా నడిచి చూపిస్తే పిల్లలు పొట్టచెక్కలయ్యేలా నవ్వేవారు.

ఈసారి ఆమె కర్ర తీసుకోలేదు.

"కొట్టకముందు బతిమాలింది రా ఆవిడ. ఒక్కరోజు ఆగండి, కప్పు వేసే దిక్కు లేదు, వానొస్తే తడిసిపోతారు అంది. అవి ఆగలా. ఊళ్లోవాళ్లెవరూ వచ్చి ఒక చెయ్యి వెయ్యలా. అప్పుడు కొట్టింది. కోపంతో కాదు, భయంతో."

"మరి ఊళ్లోవాళ్లని ఎవరూ తిట్టలేదా?" అంది బువాఖామ్ మనవరాలు.

"కథలో వాళ్ల ఊసే లేదమ్మా."

ఓన్సీ మొగుడు సావాత్ తమ గాదెకు కప్పు వేయకుండానే జ్వరంతో పోయాడు. ఆ ఏడు అకాల వానకు గాదెలో వడ్లు మొలకలెత్తాయి. విధవ చెయ్యి పడిందన్నారు. ముప్పై ఎనిమిదేళ్లయింది. కింద నిలబడి వింటున్న బువాఖామ్‌కు ఆ వాన బాగా గుర్తుంది. ఆ రోజు తనూ ఇంట్లోనే కూర్చుంది.

మధ్యాహ్నానికి చుట్టాలు వెళ్లిపోయారు. అల్లుడు పక్కింటి పూజకు వెళ్లాడు. బువాఖామ్ ఒక తట్ట తెచ్చి ఓన్సీ చేతిలో పెట్టింది.

"దంపుడుకు వడ్లు కావాలి. ఎక్కు."

"నేనా?"

"నువ్వే. తిడితే నన్ను తిడతారు."

ఓన్సీ మెట్టుమెట్టుకూ ఆగుతూ ఎక్కింది. లోపల మసక వెలుతురు. చెక్కల సందుల్లోంచి ఎండ సన్నగా పడుతోంది. రాశి ఆమె ఛాతీ దాకా ఉంది. మణికట్టు దాకా చెయ్యి దూర్చింది. వడ్లు వెచ్చగా ఉన్నాయి. ఆ వెచ్చదనం ఇన్నేళ్లూ తనకెవరూ చెప్పలేదు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏమే, అక్కడే కాపురం పెట్టావా?" కిందినుంచి బువాఖామ్.

"నిండుగా ఉందే," అంది ఓన్సీ. "చాలా నిండుగా."

తట్ట సగం నింపి, కాస్త ఊపిరి తీసుకుందామని గోడకు ఆనుకుని కూర్చుంది.

బువాఖామ్ మళ్లీ పిలిచింది. ఇంకోసారి పిలిచింది. తర్వాత కట్టుకున్న గళ్ల లుంగీని పైకి దోపుకుని నిచ్చెన మీద కాలు పెట్టింది.

సాయంత్రం పెద్దలు గుమిగూడారు. "విధవ గాదె ఎక్కితే వడ్ల ప్రాణం ఊరుకుంటుందా?" అన్నారెవరో.

"ఎవరెక్కమన్నారత్తా?" అన్నాడు అల్లుడు.

"నేనే. దాని తల ఒళ్లో పెట్టుకోడానికి ఎక్కిందీ నేనే. ఇది గుండె ఆగి పోయింది. ఎవరన్నా ఇంకో మాట అంటే నా గడప తొక్కొద్దు." అంటూనే బువాఖామ్ బావురుమంది.

ఓన్సీని దింపి తీసుకెళ్లారు. రాశి మీద ఆ తట్ట అలాగే ఉండిపోయింది, సగం వడ్లతో, పైన గింజల్లో నాలుగు వేళ్ల గుర్తులతో.